చలిమంట ఇక లేడు: వాడితో నడిచినవాళ్లు ఇక్కడ రాయండి

కొండగాలి

చాలామందికి ఈపాటికే తెలిసి ఉంటుంది. మన ట్రెక్కింగ్ ఫోరంలో చలిమంట పేరుతో రాసే మనవాడు శనివారం సాయంత్రం వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. ఆదివారం పొద్దున దొరికాడు. 26 ఏళ్లు.

ఫోన్లలో ఏవేవో తిరుగుతున్నాయి. ఫొటో కోసం నీళ్లలోకి దిగాడని ఎవరో రాశారు. అది పచ్చి అబద్ధం. వాడితో ఉన్నవాళ్లు చెప్పగలిగిన రోజున చెబుతారు. అప్పటిదాకా దయచేసి ఎవరూ వాళ్లని తొందరపెట్టొద్దు.

ఈ థ్రెడ్ వాడి కోసం. ఇంట్లోవాళ్లు తర్వాత చదువుతామన్నారు. అందుకని ఒక్క ముక్కలో సంతాపం చెప్పి వెళ్లిపోకుండా, వాడు ఎలాంటివాడో తెలిసేలా రాయండి.

నేను మొదలుపెడతాను. వాడి బ్యాగు ఎడమ పట్టీకి నారింజ రంగు విజిల్ ఒకటి వేలాడేది. దాని పక్కనే దారంతో కట్టిన బాల్‌పెన్ను. నడుం జేబులో జిప్ కవరు, అందులో చిన్న నోట్‌బుక్. ఏ వాగు దగ్గరికి వచ్చినా ముందు ఆగేవాడు. టైం చూసేవాడు. నీళ్లు ఏ రాయిదాకా ఉన్నాయో, ఏ రంగులో ఉన్నాయో రాసుకునేవాడు. మేం అప్పటికే బూట్లు విప్పి నిలబడేవాళ్లం. వాడు రాసుకోవడం అయ్యేదాకా ఎవరినీ కదలనిచ్చేవాడు కాదు. ఎంత విసుక్కున్నా తల కూడా ఎత్తేవాడు కాదు.

తొలిమెట్టు

నమ్మలేకపోతున్నాను. పోయిన నెలే నా బూట్ల సైజు గురించి అరగంట మాట్లాడాడు.

నా మొదటి ట్రెక్కులో అందరికంటే వెనకబడ్డాను. సిగ్గేసి నోరు మూసుకుని నడుస్తున్నాను. చలిమంట ముందు నుంచి వెనక్కి వచ్చి "మడమ దగ్గర వేడిగా ఉందా?" అని అడిగాడు. ఎలా తెలిసిందంటే, నా అడుగు చప్పుడు మారిందట. అక్కడే కూర్చోబెట్టి బూటు విప్పించాడు. ఎర్రబడిన చోట తడి తుడిచి టేపు అంటించాడు, అంచులు లేవకుండా గోరుతో గుండ్రంగా కత్తిరించి మరీ. బొబ్బ లేచాక చెప్పడం కాదు, వేడిగా అనిపించిన నిమిషంలోనే చెప్పాలి అన్నాడు. తర్వాత నన్ను అందరికంటే ముందు నడవమన్నాడు. వెనకున్న పదిమందీ నా వేగానికి రావాల్సిందే. నడుస్తూ మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం అని వాళ్లందరికీ వినపడేలా చెప్పాడు.

ఆ రోజు నన్ను వెనకే వదిలేసి ఉంటే మళ్లీ కొండ ముఖం చూసేదాన్ని కాదు.

నక్షత్రాలబుట్ట

వాడికి నిద్ర తక్కువ. తెల్లవారుజామున మూడింటికి గుడారం జిప్ చప్పుడైందంటే వాడే అనుకోవాలి. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన అరుంధతి కనిపిస్తోందో లేదో అడిగి కళ్లు పరీక్షించేవాడు. ముందున్న రెండు నక్షత్రాల్ని కలిపే గీతను అయిదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం వస్తుందని చాలామందికి నేర్పాడు. జీపీఎస్ ఉన్నా సరే ఉత్తరం ఎటో తెలియకుండా పడుకోకూడదు అనేవాడు.

ఒకసారి రాత్రంతా మబ్బు. ఒక్క నక్షత్రం లేదు. అయినా వాడు బయటే కూర్చున్నాడు. ఏం చూస్తున్నావురా అంటే, గాలి ఎటు తిరుగుతుందో చూస్తున్నా అన్నాడు.

రాతిపువ్వు

నాకు నేరుగా పరిచయం లేదు. ఇక్కడ వాడి పోస్టులు చదివేదాన్ని. ఎవరు ఎంత చిన్న ప్రశ్న అడిగినా జవాబు రాసేవాడు, పాత థ్రెడ్డు వెతుక్కోమని ఎవరికీ చెప్పలేదు. మల్లి మస్తాన్ బాబు గురించి నాకు తెలిసింది వాడి వల్లే. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కిన మనిషి, 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. దాని గురించి చలిమంట రాసిన పోస్టు ఇప్పటికీ ఉంది. రికార్డుల గురించి రెండు వాక్యాలు రాసి, ఆయన ఎంత ఓపికగా సిద్ధమయ్యేవాడో దాని గురించి పేజీ రాశాడు. ఇవాళ మళ్లీ చదివాను.

పాతబూట్లు

నేను వాడికి వాగు దాటడం నేర్పించినవాణ్ని. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను.

శిక్షణకు వచ్చిన పిల్లల్లో చాలామందికి తాడు విసరడం, నీళ్లలోకి దూకడం ఇష్టం. వీడికి గట్టు మీద కూర్చుని నీళ్లు చూడడం ఇష్టం. మొదటి రోజే అడిగాడు: "సార్, మోకాలి లోతు నీళ్లు మనిషిని ఎందుకు పడేస్తాయి?" ఒక ఘనమీటరు నీళ్లు 1000 కిలోలు, వేగం రెట్టింపైతే కాళ్ల మీద పడే బలం నాలుగు రెట్లు అవుతుంది అని చెప్పాను. అప్పటినుంచి వాడు లోతు కంటే వేగం ఎక్కువ చూసేవాడు. ఆకు ఒకటి వేసి, అది పది అడుగులు పోవడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టేవాడు.

చల్లటి నీళ్ల గురించి కూడా అంతే. కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన ఒకటి-పది-ఒకటి లెక్క ఉంది. మంచునీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి మొదటి ఒక నిమిషం, చేతులు కాళ్లు పనిచేసేది ఓ పది నిమిషాలు, చలికి స్పృహ పోవడానికి సుమారు ఒక గంట. క్లాసులో అందరూ ఆ గంటను గుర్తుపెట్టుకున్నారు. వీడు ఆ పది నిమిషాలను పట్టుకున్నాడు. "అంటే మనకి ఉన్నది పదే కదా సార్" అన్నాడు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో నిర్లక్ష్యం లేనివాడంటే మొదట వాడి పేరే చెబుతాను. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

సూటిప్రశ్న

అందరి బాధా అర్థమవుతోంది, నాకూ బాధగానే ఉంది. కానీ ఒకటి అడగాలి. ఇంత తెలిసినవాడు ఆ టైంలో నీళ్లలోకి ఎందుకు దిగాడు? సాయంత్రం మంచు కరిగి వాగులు పెరుగుతాయని మనకి చెప్పింది వాడే కదా. తెల్లారేదాకా ఆగొచ్చు కదా. జ్ఞాపకాలు రాసుకుంటూ అసలు విషయం దాటవేస్తే రేపు ఇంకొకరు పోతారు.

తొలిమెట్టు

ఇంకా నాలుగు రోజులు కాలేదు. ఇప్పుడే కావాలా?

జారుడురాయి

సూటిప్రశ్న గారూ, మనిషి పోయాక తప్పులు వెతకడం తేలిక. వాడికి ఇష్టమైన పని చేస్తూ పోయాడు. అంతే అనుకుని వదిలేద్దాం.

కొండగాలి

జారుడురాయి అన్నా, మీ మనసు మంచిదే గానీ అలా వదిలేయడం నాకు కుదరట్లేదు. సూటిప్రశ్న అడిగింది అన్యాయమేం కాదు, కాకపోతే తొందరపడ్డారు. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా కొండ ప్రమాదాల నివేదికలు అచ్చు వేస్తోంది. ఎవరు ఎక్కడ పడ్డారు, తాడు ఎలా కట్టి ఉంది, వాతావరణం ఎలా ఉంది, ఆ ముందు గంటలో ఏ నిర్ణయాలు తీసుకున్నారు, అన్నీ ఉంటాయి. వాటిలో తిట్లు ఉండవు. చదివి బతికిన వాళ్లు ఎందరో. చలిమంట కూడా వాటిని చదివేవాడు, మన దగ్గర చర్చకు పెట్టేవాడు. వాడి ప్రమాదం గురించి మాట్లాడకపోతే వాడు చేసిన పనిని మనమే ఆపేసినట్టు.

కానీ చెప్పాల్సింది అక్కడున్నవాళ్లు. ఆగుదాం.

నిర్వాహకులు

పుకార్లు తెచ్చి పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. వార్తల్లోంచి తెచ్చిన ఫొటోలు కూడా. ప్రశ్నలకు అడ్డు లేదు. ఊహలు మాత్రం వద్దు.

చలిమంట_అక్క

నేను వాడి అక్కని. ఈ పేరుతో ఇవాళే చేరాను.

మొదటినుంచీ అన్నీ చదివాను. అమ్మకి చదివి వినిపించాను. అడుగు చప్పుడు విని బొబ్బ కనిపెట్టాడన్నది మళ్లీ చదవమంది. ఇంట్లో కూడా వాడు అంతే. మెట్ల మీద ఎవరు వస్తున్నారో గదిలోంచే చెప్పేవాడు.

రెండు మాటలు చెప్పాలి. ఇష్టమైన పని చేస్తూ పోయాడని దయచేసి ఎవరూ రాయకండి. అది ఓదార్పు కోసమేనని తెలుసు. కానీ వాడికి ఇష్టమైంది నడవడం, తిరిగొచ్చి బూట్లకి అంటిన మట్టి గీకుతూ మాకు కబుర్లు చెప్పడం. ఇంటికి రావడం కూడా వాడికి ఇష్టమే.

రెండోది, సూటిప్రశ్న గారూ, మీరు అడిగింది నేను కూడా అడుగుతున్నాను. అంతకంటే ఎక్కువగా. ఆస్పత్రిలో తల వెనక దెబ్బ ఉందని, వెంటనే స్పృహ పోయి ఉంటుందని చెప్పారు. అంతవరకే నాకు తెలుసు. దానికి ముందు ఏం జరిగిందో నాకు కావాలి. అక్కడున్న వాళ్లెవరైనా చదువుతుంటే, మీ మీద నాకు కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నన్ను కాపాడాలని ఏదీ దాచకండి.

పాతబూట్లు

అమ్మా, నీకు దండం. గుంథర్ మెస్నర్ అని ఒక కుర్రాడుండేవాడు. 1970లో పాకిస్తాన్‌లోని నంగా పర్బత్ శిఖరం ఎక్కి దిగుతూ చనిపోయాడు, అప్పటికి 24 ఏళ్లు. వెంట ఉన్నది సొంత అన్న రైన్‌హోల్డ్. తమ్ముణ్ని అక్కడ వదిలేసి వచ్చాడా, ఇక్కడ వదిలేశాడా అని ఏళ్ల తరబడి ఆ అన్నని జనం నిలదీశారు. 2005లో గుంథర్ అవశేషాలు రైన్‌హోల్డ్ చెప్పిన వైపునే, కొండకి పడమటనున్న దియామిర్ వైపు, బయటపడ్డాయి. 35 ఏళ్లు! ఆ రోజు ఉన్నవాళ్లు చెప్పే మాటని ముందు వినడం మన బాధ్యత. వాళ్లు కూడా ఏదో పోగొట్టుకున్నవాళ్లే.

తెల్లరాయి

నేను అక్కడ ఉన్నాను. అక్క అడిగారు కాబట్టి రాస్తున్నాను. మాకు ఎదురుగా కనిపించింది మాత్రమే.

మేం మొత్తం అయిదుగురం. పై క్యాంపులో శనివారం పొద్దున మాలో ఒకతనికి తలనొప్పి, వాంతులు. పదకొండింటికల్లా మాట ముద్దగా వస్తోంది. చలిమంట అతన్ని ముందు పాదం మడమ వెనక పాదం బొటనవేలికి ఆనేలా తిన్నగా నడవమన్నాడు. నాలుగో అడుగుకే పక్కకి పడిపోయాడు. ఎత్తు వల్ల మెదడు వాస్తోంది, రాత్రిదాకా ఆగితే బతకడు, ఇప్పుడే కిందికి దిగాలి అన్నాడు. దగ్గరున్న డెక్సామెథాసోన్ మాత్ర, మెదడు వాపు తగ్గించేది, వేశాడు. శాటిలైట్ పరికరంలో సాయం కోరుతూ సందేశం పంపాడు. లోయంతా మబ్బు, హెలికాప్టర్ రావడం కుదరదని జవాబు వచ్చింది. పది నిమిషాల్లో గుడారాలు విప్పేశాం.

కిందికి రావాలంటే ఆ వాగు దాటాలి. పొద్దున దాటి ఉంటే చీలమండ లోతు. మేం చేరేసరికి నాలుగు దాటింది, మోకాలి కింద దాకా ఉంది. నీళ్లు ఇంకా తేటగానే ఉన్నాయి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే బురద నీళ్లలో దిగాడని ఎక్కడో చదివాను. వాడు అప్పుడు కూడా రాసుకున్నాడు. ఆకు వేసి చూశాడు. ఇంకాస్త పైకి వెళ్లి వాగు వెడల్పయ్యి పాయలుగా చీలిన చోటు వెతికాడు. అందరి చేత బ్యాగు నడుం పట్టీలు విప్పించాడు.

మొదట ముగ్గురు. వాడు ఎగువన కర్ర ఆన్చి ముందు, జబ్బుమనిషి మధ్యలో, ఇంకొకతను వెనక. ఒకరి పట్టీ ఒకరు పట్టుకుని దాటేశారు. ఇవతల గట్టున మేం ఇద్దరం మిగిలాం. ఇద్దరి కంటే ముగ్గురు నిలదొక్కుకోగలరని, మాకోసం వాడు వెనక్కి బయల్దేరాడు. బ్యాగు అవతలే పెట్టేశాడు.

సగానికి వచ్చాడు. ఎగువ మలుపు దగ్గర నీళ్ల రంగు మారింది. పైన ఎక్కడో వాన పడింది, మా దగ్గర చినుకు లేదు. నేను విజిల్ ఊదాను. వాడు అప్పటికే చూశాడు. మా వైపు చెయ్యి చాపి, అరచెయ్యి నిలబెట్టి ఆగండి అని చూపించాడు. దిగొద్దని. వాడు మాకు చెప్పిన ఆఖరి సంగతి అదే. దుంగ ఒకటి నీళ్లలో దొర్లుతూ వచ్చింది. తగిలింది. అంతే. నేను విసిరిన తాడు వాడు ఉన్న చోట పడింది గానీ వాడు అక్కడ లేడు.

మేమిద్దరం రాత్రంతా ఇవతలే ఉన్నాం. నిమిషానికి ఆరుసార్లు విజిల్, నిమిషం ఆగడం, మళ్లీ ఆరు. మూడు ఊదితే విన్నట్టు. తెల్లవార్లూ మూడు వినపడతాయేమోనని. పొద్దున అయిదున్నరకి ఆ వాగు చీలమండ లోతుకి వచ్చేసింది. నడిచి దాటాం. దిగువన చెట్టు పడి ఉన్నచోట దొరికాడు.

అవతల గట్టున ఉన్నతను ఆ రాత్రే జబ్బుమనిషిని భుజం మీద ఆన్చుకుని కిందికి దింపాడు. అతను బతికాడు.

చలిమంట_అక్క

చదివాను. మళ్లీ వస్తాను.

సూటిప్రశ్న

తెల్లరాయి గారూ, నా ప్రశ్నకి జవాబు దొరికింది. ఆగడానికి లేదు, దిగితే ప్రమాదం. ఆ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి, అదీ నిమిషాల్లో. మీరు ఇది రాయడానికి ఎంత కష్టపడ్డారో ఊహించగలను. చాలా థాంక్స్.

పాతబూట్లు

సాంకేతికంగా ఒక్క మాట, రేపు ఈ థ్రెడ్ చదివే కొత్తవాళ్ల కోసం. కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు, నడుముకి తాడు కట్టుకుని దాటి ఉంటే బతికేవాడు కదా అని. కాదు. పారే నీళ్లలో మనిషికి తాడు గట్టిగా కట్టేస్తే, పడ్డప్పుడు ప్రవాహం ఆ మనిషిని తాడు చివర నీళ్ల అడుక్కి నొక్కేస్తుంది. ఆ అబ్బాయి అది తెలిసే కట్టుకోలేదు. ఇంకొకరు దిగువన గట్టు మీద తాడు విసరడానికి కాచుకుని ఉండాల్సింది అన్నారు. అయిదుగురిలో ఒకరికి స్పృహ సరిగా లేదు. ఆ ఒక్కరినీ వదలకుండా ఒకరు పట్టుకోవాలి. ఇక మిగిలింది ఎందరు?

కరిగిన మంచూ పైన పడిన వానా ఒకే గంటలో కలిసి వచ్చాయి. ఇలాంటి చోట మేం నేర్పేది ఒక్కటే. నీళ్ల శబ్దం మారినా, వాసన మట్టిగా మారినా, ఆకులూ పుల్లలూ రావడం మొదలైనా, అవతలికో ఇవతలికో ఏది దగ్గరైతే అటు వెళ్లిపోవాలి. వాడు సరిగ్గా సగంలో ఉన్నాడు. రెండు గట్లూ సమాన దూరం.

ఎవరో ఒకరు మధ్యలో ఉండకుండా అయిదుగురు వాగు దాటలేరు. ఆ ఒకడు తనే అవుతానని వాడు ముందుకొచ్చాడు. నేను నేర్పినదాంట్లో అది లేదు, అది వాడిదే.

సన్నదారి

ఆ జబ్బుమనిషిని నేనే. డిశ్చార్జ్ అయ్యాను. శనివారం మధ్యాహ్నం నుంచి నాకు ముక్కలు ముక్కలుగా తప్ప గుర్తులేదు. వాగులో నా ముందు ఉన్నది వాడి వీపు. పట్టీ వదలొద్దు అని తిరక్కుండానే ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. అవతలికి చేరాక నన్ను రాయికి ఆన్చి కూర్చోబెట్టాడు, జాకెట్ జిప్పు గడ్డం దాకా లాగాడు. ఇప్పుడే వస్తా అన్నాడు.

అక్కా, మీకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. మీరు ఒప్పుకుంటే వచ్చి కలుస్తాను. ఒప్పుకోకపోయినా నాకు అర్థమవుతుంది.

చలిమంట_అక్క

సన్నదారీ, రా తమ్ముడూ. ఎప్పుడైనా రా. అమ్మ కూడా రమ్మంటోంది. నువ్వు బతికావని తెలిసినప్పుడు ఆమె మొదటిసారి నీళ్లు తాగింది. నీ వల్ల వాడు పోయాడని మా ఇంట్లో ఎవరూ అనుకోవట్లేదు. నువ్వూ అనుకోకు. నీకు బాగయ్యాకే ప్రయాణం పెట్టుకో, తొందర లేదు.

తెల్లరాయీ, అరచెయ్యి నిలబెట్టాడని రాశావు కదా. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నన్ను కూడా అలాగే ఆపేవాడు, నాకంటే మూడేళ్లు చిన్నవాడయ్యుండీ. ఆ చెయ్యి నేను చూశాను ఇప్పుడు. రాసినందుకు నీకు ఎంత రుణపడ్డానో.

నిద్ర పడుతోందా మీ ఇద్దరికీ?

తెల్లరాయి

సరిగ్గా లేదక్కా. నీళ్ల చప్పుడు వినపడితే మెలకువ వచ్చేస్తోంది. షవర్ కూడా.

రాతిపువ్వు

తెల్లరాయి, నేను మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తాను. ఇలాంటి ఘటన తర్వాత మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం మళ్లీ మళ్లీ రావడం, చప్పుళ్లకి ఉలిక్కిపడడం మామూలే. చాలామందికి తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే తప్పకుండా మంచి థెరపిస్టు దగ్గరికి వెళ్లాలి, దానికి పనిచేసే చికిత్సలు ఉన్నాయి. ఈలోగా ఒంటరిగా ఉండకండి. మద్యంతో నిద్రపోవాలని చూడకండి. నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఏ వేళైనా సరే.

జారుడురాయి

అక్కా, నేను రాసిన మాట మీకు నొప్పి కలిగించింది. ఇక రాయను. వాడి పేరు మీద ఏదైనా చేయాలని ఉంది. రాతి ఫలకం లాంటిది పెడదామా ఆ వాగు దగ్గర?

నక్షత్రాలబుట్ట

ఫలకం కంటే పనికొచ్చేది చేద్దాం. అలెక్స్ లోవ్ అనే పర్వతారోహకుడు 1999లో టిబెట్‌లోని శిషాపాంగ్మా శిఖరం మీద మంచుచరియలు విరిగిపడి పోయాడు. ఆయన పేరు మీద కుటుంబం పెట్టిన సంస్థ 2003 నుంచి నేపాల్లో ఖుంబూ క్లైంబింగ్ సెంటర్ నడుపుతోంది. కొండల మీద బరువులు మోసే షెర్పాలకి తాళ్లు, మంచు, ప్రాణరక్షణ అన్నీ నేర్పుతారు. మనకంత శక్తి లేదు. కానీ వాడికి నేర్పడం ఇష్టం కదా. ఏడాదికోసారి వాగు దాటే శిక్షణ, కొత్తవాళ్లకి ఉచితంగా, పెట్టగలం.

పాతబూట్లు

నేర్పే పని నాది. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ చేస్తాను. ఎత్తు జబ్బు గుర్తుపట్టడం కూడా అందులో చేర్చాలి, మడమ-బొటనవేలు పరీక్షతో సహా.

చలిమంట_అక్క

శిక్షణ మాట మాకు నచ్చింది. ఫలకం వద్దు, ఆ చోట రాయికి ఏదీ బిగించొద్దు. వాడు ఒప్పుకోడు. చాక్లెట్ కాగితం కూడా జేబులో పెట్టుకుని తెచ్చేవాడు.

వాడి బ్యాగు మాకు ఇచ్చారు. అవతలి గట్టున పెట్టాడు కాబట్టి తడవలేదు. జిప్ కవర్లో నోట్‌బుక్ ఉంది. ఇంట్లో పెట్టెలో ఇలాంటివే ఇంకా ఉన్నాయి. అన్నిటిలోనూ వాగుల పేర్లు, టైములు, పక్కన "చీ", "మో", "తొ" అని అక్షరాలు. కొన్నిటి పక్కన పెద్ద సున్నా. ఇవేంటో ఎవరికైనా తెలుసా?

తొలిమెట్టు

తెలుసక్కా. చీ అంటే చీలమండ, మో అంటే మోకాలు, తొ అంటే తొడ. నీళ్ల లోతు. సున్నా పెట్టాడంటే ఆ రోజు దాటలేదు, వెనక్కి వచ్చేశారు. "తొ" రాసిన ప్రతి చోటా పక్కన సున్నా ఉంటుంది చూడండి.

చలిమంట_అక్క

చూశాను. ప్రతి చోటా ఉంది. మో పక్కన కూడా చాలా చోట్ల సున్నాలే. శనివారం పేజీలో 4:10, మో, తేట అని ఉంది. సున్నా లేదు. కింద "ఒకరికి బాగాలేదు, ఆగలేం" అని రాశాడు.

ఎవరైనా వాడు భయం లేనివాడు అని రాస్తే ఈ పేజీలు చూపిస్తాను.

కొండగాలి

అక్కా, ఆ నోట్‌బుక్కుల్లో ఉన్నది మనలో ఎవరి దగ్గరా లేదు. ఏ నెలలో, ఏ వాగు, ఎన్నింటికి ఎంత లోతు ఉంటుందో ఏళ్ల తరబడి రాసిన లెక్క. మీరు ఒప్పుకుంటే టైపు చేసి, ఇక్కడే అందరికీ కనిపించేలా పైన పిన్ చేస్తాం. వాడి అక్షరాలు మార్చం. సున్నాలు కూడా అలాగే ఉంచుతాం.

చలిమంట_అక్క

పేజీల ఫొటోలు రాత్రికి పంపుతాను. ఇంట్లో విషయాలు కొన్ని మధ్యలో రాసుకున్నాడు, అవి తీసేసి. మరో మాట. చాలా వాగులకి పొద్దుటి లెక్క ఉంది, మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది. వాటిని ఎవరైనా నింపగలరా?

తెల్లరాయి

నేను నింపుతాను అక్కా. ఇప్పుడే కాదు, కొన్నాళ్లు పోయాక.

సూటిప్రశ్న

నేను కూడా. తెల్లరాయి, మీరు వెళ్లే రోజున చెప్పండి, ఇద్దరం వెళ్దాం.

కొండగాలి

జాబితా నేను తయారుచేస్తాను. పద్ధతి ఇదీ: ఒంటరిగా ఎవరూ వెళ్లొద్దు. లెక్క గట్టు మీద నుంచే తీసుకోవాలి, ఏదైనా ఒక రాయిని గుర్తు పెట్టుకుని. లెక్క కోసం నీళ్లలో కాలు పెట్టకూడదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగు, ఈ మూడు టైములూ చాలు. రంగు తప్పకుండా రాయండి. పైన వాన పడిందో లేదో తెలిస్తే అదీ రాయండి. ఎవరు ఏ వాగు తీసుకుంటారో కింద చెప్పండి.

తొలిమెట్టు

నోట్‌బుక్కులో మొట్టమొదట ఏ వాగు ఉందో అది నాకు ఇవ్వండి. వచ్చే నెల మొదటి వారం వెళ్తాను. నాతో రావడానికి ఇంకొకరు కావాలి.

రాతిపువ్వు

నేను వస్తాను.